నేను అడుగు పెట్టని పాక

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో అది బరువనిపించలేదు. బరువని తెలిశాక దించుకునే చోటు కనపడలేదు. ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు చెప్పని ఒప్పుకోలు సగం ఒప్పుకోలు మాత్రమేనని మీరంటే కాదనలేను.

కోర్టులో ప్రమాణం చేసి, చూడనిదాన్ని చూశానని చెప్పాను. ఒక ఆడమనిషి ఆరు నెలలు జైల్లో ఉంది. ముందే చెప్పేస్తున్నాను. మెల్లగా మొదలుపెడితే చెప్పుకుంటూ చెప్పుకుంటూ నన్ను నేను మంచిదాన్ని చేసేసుకుంటానని భయం. ఇంతకు ముందు రెండుసార్లు రాసి చింపేశాను. రెండుసార్లూ అదే జరిగింది.

నేను విజయవాడలో పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. సంతకాల దగ్గర చండశాసనురాలినని పేరుండేది. ఒకసారి ఒక పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ ఉత్తరాన్ని పక్కింట్లో ఇచ్చేసి, అందుకున్నట్టు తనే సంతకం గీకేశాడు. ఎంత బతిమాలినా వినకుండా పైకి రాశాను. అతనికి శిక్ష పడింది. ఆ రోజు నేను హాయిగా నిద్రపోయాను.

రిటైరైన ఏడాదే మావారు పోయారు. మా అమ్మాయి కంకిపాడులో ఉంటుంది, దాని సంసారం దానిది. బందరు కాలువకు దగ్గర్లో ఉన్న మా కాలనీలో, రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే మిగిలాను. ముప్పై నాలుగేళ్లు జనం నా కౌంటరు ముందు నిలబడ్డారు. ఇప్పుడు పొద్దున్న పది దాటితే నన్ను పలకరించే మనిషి లేదు. ఇదెందుకు చెప్తున్నాను? సాకు కోసమా? కావచ్చు. కానీ ఇది కూడా నిజమే.

అప్పుడే మా పోలీసు స్టేషన్‌లో ఒక కమిటీ పెట్టారు. పోలీసులకూ ప్రజలకూ స్నేహం పెరగాలని ప్రతి కాలనీ నుంచీ ఇద్దరు ముగ్గుర్ని తీసుకున్నారు. ఎస్సై ముప్పై దాటని కుర్రవాడు. మా ఇంటికొచ్చి, బూట్లు గుమ్మం బయట విప్పి, "మీలాంటి పెద్దవాళ్లు మాతో ఉంటే జనానికి మేమంటే భయం పోతుంది మేడమ్" అన్నాడు. మేడమ్ అన్న పిలుపు విని అప్పటికి ఎన్నాళ్లయిందో!

అతను చెడ్డవాడని చెప్పి తప్పుకోవాలని నాకు లేదు. కోచింగ్ కాలేజీల సందుల్లో ఆడపిల్లల వెంటపడే వాళ్లను అతను మాన్పించాడు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల తలుపు వారానికోసారి తట్టమని కానిస్టేబుళ్లకు చెప్పాడు. నాకు విషజ్వరం వచ్చినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లింది పోలీసు జీపే. ఇవన్నీ జరిగాయి. ఆ కమిటీ మంచి చేసింది. మంచి చెయ్యకపోయి ఉంటే, ఆ రోజు వాళ్లు రమ్మన్నప్పుడు నేను వెళ్లేదాన్నే కాదు.

ఇక నాంచారమ్మ సంగతి.

వారానికి మూడు రోజులు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మా కాలనీకి వచ్చేది. నాగాయలంక అవతల, సముద్రం పక్కన వాళ్ల ఊరు. భర్త లేడు. ఇక్కడ కాలువ కట్ట మీద పాక వేసుకుని ఉండేది. నాలుగేళ్లు ఆమె దగ్గరే కొన్నాను. మా పెరట్లో కత్తిపీట వేసుకుని, బూడిద రాసి, చేప తోమి ముక్కలు కోసిచ్చేది. ఒక్కోసారి నేను అడిగినా ఇచ్చేది కాదు. "ఇయ్యి మీకొద్దండమ్మగారూ, ఐసులో నిలవున్నయ్యి" అనేది. అంత ముక్కుసూటి మనిషి. ఆ నాలుగేళ్లలో నీ ఇంట్లో ఎవరున్నారని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఈ సంగతి ముందు ముందు మీకు అవసరమవుతుంది.

మా ఇంటికి మూడిళ్ల అవతల సుజాత వాళ్లుంటారు. భర్త కాంట్రాక్టరు, పెద్ద ఆఫీసర్లతో పరిచయాలున్న మనిషి. ఒక సోమవారం సుజాత నల్లపూసల గొలుసు కనపడలేదు. ఆ పొద్దున నాంచారమ్మ వాళ్ల పెరట్లో కూర్చుని చేపలు కోసింది. అంతే, ఆధారం అదొక్కటే. మంగళవారం పోలీసులు ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లారు.

గురువారం మధ్యాహ్నం భోంచేసి పడుకోబోతుంటే ఎస్సై ఫోన్ చేశాడు. గొలుసు దొరికిందని, మధ్యవర్తిగా ఒక సంతకం కావాలని అన్నాడు. పోలీసులు దొంగసొత్తు బయటికి తీసేటప్పుడు దగ్గరుండి చూసి, చూశామని సంతకం చేసే బయటి మనుషుల్ని మధ్యవర్తులంటారు. నేను ఆటోలో స్టేషన్‌కు వెళ్లాను.

బల్ల మీద పాత పేపరు ముక్కలో గొలుసు ఉంది. పక్కన రిపోర్టు ఉంది. అప్పటికే రాసి ఉంది. మధ్యవర్తుల ఎదుట ముద్దాయి తన పాకకు దారి చూపి, లోపల బియ్యపు డబ్బాలోంచి గొలుసు తీసి ఇచ్చినట్టు అందులో ఉంది. నా పేరూ, నా వయసూ, రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగినన్న మాటా అన్నీ ఉన్నాయి. సంతకం చోటే ఖాళీగా ఉంది.

"నేను అక్కడికి రాలేదు కదా బాబూ" అన్నాను.

"ఆవిడే ఒప్పుకుందండి. మేం వెళ్లి తెచ్చేశాం. ఈ ఎండలో మిమ్మల్నెందుకు కట్టల వెంట తిప్పడమని" అన్నాడు.

నా పక్కన సింహాచలం నిలబడి ఉన్నాడు. మా వీధి చివర బండి మీద ఇస్త్రీ చేసే మనిషి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. రెండో మధ్యవర్తి అతనే. వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని గోడకు రాస్తూ బయటికి వెళ్లిపోయాడు.

వరండాలో నాంచారమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఎవరో టీ ఇచ్చారు. ఆ గ్లాసును వేళ్లతో కాదు, రెండు మణికట్ల మధ్య ఇరికించి పట్టుకుంది. అరచేతులు వాచి ఉన్నాయి. చూశాను. చూసి, ఏమీ అడగకుండా లోపలికి తిరిగి సంతకం పెట్టాను. సంతకంలో ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

అప్పటికి నాకు తెలియదు కదా, పోలీసుల మాట నమ్మాను కదా అని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ వెసులుబాటు కూడా మూడు వారాలే. సుజాత ఏదో అప్లికేషన్ నింపించుకోవడానికి మా ఇంటికి వచ్చింది. మాటల్లో నవ్వుతూ అనేసింది.

"మీకు చెప్తే ఏముందిలెండి పిన్నిగారూ. ఆ గొలుసు మా బీరువాలోనే పట్టుచీర మడతల్లో ఉంది. బుధవారం చూసుకున్నాను. అంత గొడవ చేసి మళ్లీ ఇంట్లోనే దొరికిందంటే నవ్వుతారని మావారు ఎస్సైగారికి ఇచ్చి, మీరే ఎలాగోలా చూసుకోండన్నారు. ఆయన కూడా పైవాళ్లకి దొంగ ఒప్పుకుందని చెప్పేశారట. ఎవరితోనూ అనకండేం."

నేను ఎవరితోనూ అనలేదు. అప్లికేషన్ నింపి ఇచ్చాను.

ఆ రోజే స్టేషన్‌కు వెళ్లి ఉండొచ్చు. ఎందుకు వెళ్లలేదు? దొంగ సంతకం పెట్టానని బయటపడితే నా మీద కేసవుతుందన్న భయం ఒకటి. నన్ను ఆస్పత్రికి చేర్చినవాళ్ల ఉద్యోగాలు పోతాయన్న జాలి ఒకటి. ఈ రెండూ నేను ఒప్పుకోగలిగినవి. మూడోది చెప్పడానికి నోరు రాదు. నేను నోరు విప్పితే మళ్లీ నన్ను మేడమ్ అని పిలిచేవాళ్లుండరు. ఒక మనిషి జైలుకు పోవడం ఒకవైపు, ఈ పిలుపు ఒకవైపు. ఎటు మొగ్గానో మీకు తెలుస్తూనే ఉంది.

నాంచారమ్మ బెయిల్ మీద బయటికి వచ్చింది కానీ మా కాలనీకి మళ్లీ రాలేదు. రానిచ్చేవాళ్లూ లేరు. ఏడాదిన్నర తర్వాత కేసు విచారణకు వచ్చింది. సాక్షిగా నాకు సమన్లు అందాయి. "భయపడకండి మేడమ్, రిపోర్టులో ఉన్నదే చెప్పండి" అన్నాడు ఎస్సై.

కోర్టు వరండాలో ఒకే బెంచీ ఉంది. దాని మీద నాంచారమ్మ ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. "కూకోండమ్మగారూ" అంటూ చోటిచ్చింది. కూర్చున్నాను. తను నిలబడే ఉంది. నా వైపు వంగి అడిగింది.

"ఒక మాట అడగనాండీ? కోప్పడరుగా?"

"అడుగు."

"మీరు మా పాక కాడికి వచ్చి సూశారని కాయితంలో ఉందంట. మా లాయరుగారు సదివి సెప్పారు. నేను కూడా ఉన్నానని రాశారంట. అది పోలీసోళ్లు రాసుకున్నారనుకోండి. మీరు అబద్దమాడరని నాకు తెల్సు. నేను టేసన్లో ఉన్నప్పుడు గానీ వచ్చారాండీ?"

ఆమె నన్ను నిలదీయడం లేదు. నన్ను ఎలాగైనా నిజం చెప్పేదానిగా ఉంచుకోవడానికి తనే ఒక దారి వెతుకుతోంది. నాకు అది అర్థమైంది.

"వచ్చాను" అన్నాను.

"ఐతే మా అత్తని సూసే ఉంటారు."

"చూశాను."

"పలకరించిందాండీ? లేచి మంచినీళ్లన్నా ఇచ్చిందా?"

"ఇచ్చింది."

నాంచారమ్మ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. ఏదో లెక్క తప్పినట్టు, మళ్లీ చూసుకుంటున్నట్టు చూసింది.

"మా అత్త లెగవలేదండమ్మగారూ. మూడేళ్లయింది కాలూ సెయ్యీ పడిపోయి. తలుపు పక్కనే మంచం. తోడుంటదని తలాపున రేడియో పెట్టేసి ఎల్తాను."

వెళ్లి గోడ వారన నిలబడింది. అంతలో లోపల్నుంచి నా పేరు పిలిచారు.

ఇంతవరకూ చెప్పినదాన్ని మీరు భయమనో బలహీనతనో అనుకుని ఉండొచ్చు. ఇక చెప్పబోయేదానికి ఆ పేర్లు సరిపోవు.

నిజమే చెప్తానని ప్రమాణం చేశాను. ప్రభుత్వ వకీలు అడిగినవాటికి రిపోర్టులో ఉన్నట్టే జవాబిచ్చాను. తర్వాత నాంచారమ్మ తరఫు లాయరు లేచాడు. ఉచితంగా వాదించడానికి కోర్టు ఇచ్చిన లాయరు, కొత్త కుర్రాడు. రెండు మూడు మామూలు ప్రశ్నలు వేసి, కాగితాలు బల్ల మీద పెట్టేసి అడిగాడు. "మీరు వెళ్లినప్పుడు ఆ పాకలో ఇంకెవరైనా ఉన్నారా?"

నేను జవాబివ్వడానికి తడుముకోలేదు.

"తలుపు పక్కన మంచం మీద ఒక పెద్దావిడ ఉంది. లేవలేదు. పక్షవాతం అనుకుంటాను. తల దగ్గర రేడియో మోగుతోంది."

మోగుతోంది అన్నాను. ఆ ముక్క నాంచారమ్మ చెప్పలేదు. నేనే కలిపాను.

లాయరు బల్ల మీది కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ల చేతిలో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నేనని నాకు అప్పుడు తెలిసింది. నేను తెల్లమొహం వేస్తానని వాళ్ల ఆశ. ఆ ప్రశ్నకు జవాబు నాంచారమ్మే, నన్ను నమ్మి, అయిదు నిమిషాల ముందు నా చేతిలో పెట్టింది. ముద్దాయిలు నిలబడే చోట ఆమె తల దించుకుంది. నేను దించుకోలేదు.

అదే రోజు సింహాచలం కూడా సాక్ష్యం చెప్పాడు. "నాను టేసన్లోనే ఏలుముద్ర ఏసినాను బాబూ. కాలవ కాడికి ఎల్లనేదు" అన్నాడట. ఆ మాటతో అతన్ని పోలీసులకు ఎదురు తిరిగిన సాక్షి కింద రాసుకున్నారు. చదువులేని ఇస్త్రీ మనిషి నిజం చెప్పాడు, నేను అబద్ధం చెప్పాను, మేజిస్ట్రేటు నన్ను నమ్మారు. తీర్పు రోజు ఎస్సై ఫోన్ చేశాడు. "ఆ మంచం మాటే కేసును నిలబెట్టింది మేడమ్. మీరు అక్కడికి వెళ్లకపోతే ఆ సంగతి ఎలా తెలుస్తుందని తీర్పులో రాశారు." అతని గొంతులో కూడా చిన్న ఆశ్చర్యం ఉంది. నాకెలా తెలిసిందని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆరు నెలల శిక్ష. ఆమె అత్తను ఊరివాళ్లెవరో ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లారని సింహాచలం చెప్పాడు. నాలుగో నెలలో ఆ ముసలావిడ చనిపోయిందని చెప్పిందీ అతనే. అదే మా ఆఖరి మాట. ట్రాఫిక్‌కు అడ్డమని కొద్దిరోజులకే అతని బండి తీయించేశారు. పదిహేనేళ్లు ఎవరికీ అడ్డం కాని బండి. కమిటీ మీటింగులో ఆ సంగతి వచ్చినప్పుడు నేను టీ తాగుతున్నాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను.

ఎస్సైకి ప్రమోషనొచ్చి బదిలీ అయింది. ఏటా ఉగాదికి శుభాకాంక్షలు పంపిస్తాడు. నేను జవాబిస్తాను. సుజాత కనపడితే నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. బతుకు ఇలా నడిచిపోగలదని నాకు అంతకు ముందు తెలియదు.

నడిచిపోయేదే, కిందటేడు ఒక కాలేజీవాళ్లు నన్ను పిలవకపోతే. పోలీసు వ్యవస్థను ఎలా బాగుచేయాలని విద్యార్థుల చర్చ. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి వాళ్లతో సంబంధం లేని మనుషులుండాలని కొందరన్నారు. స్టేషన్లో ప్రతి గదికీ కెమెరా ఉండాలని కొందరు. ముందు పోలీసులకు సెలవులూ నిద్రా ఉండాలి, అప్పుడే మనుషుల్లా ఉంటారని ఇంకో అబ్బాయి. అన్నీ సబబుగానే తోచాయి. నేను అనుభవం ఉన్న పౌరురాలిగా వేదిక మీద కూర్చున్నాను. ఒక అమ్మాయి లేచింది.

"మేడమ్, కమిటీలో ఉన్నవాళ్లు ఎప్పుడైనా పోలీసులతో 'ఇది కుదరదు' అన్నారా?"

"చాలాసార్లు అన్నామమ్మా" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూడా కొట్టింది. నమ్మింది.

ఇంటికొచ్చి అన్నం కలిపాను. అలాగే మూతపెట్టేశాను. మొదటి అబద్ధానికి భయముంది, జాలి ఉంది, ఏవో ఉన్నాయి. దీనికేముంది? ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. నా చేత ఆడించినవాళ్లు లేరు. నేనే, నా అలవాటు కొద్దీ ఆడాను.

అప్పట్నుంచి ఆమెను వెతకాలనుకుంటూ నెలలు గడిపాను. చివరికి పోయిన నెల వెళ్లాను. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్నుంచి నాగాయలంక, తర్వాత షేర్ ఆటో. ఊళ్లో పేరు చెప్తే చూపించారు. నాంచారమ్మ ఇసక మీద పట్టా పరిచి చేపలు ఎండబెడుతోంది. జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టింది. కూకోమనలేదు.

నిలబడే చెప్పాను. పాకకు రాలేదని, స్టేషన్లో సంతకం పెట్టానని, ఆమె చెప్పిన మాటనే కోర్టులో ఆమె మీద వాడానని చెప్పాను. గొలుసు బీరువాలో చీర మడతల్లో దొరికిందని కూడా చెప్పాను. అక్కడ మాత్రం ఆమె చెయ్యి ఆగింది.

"బీరువాలో ఉందా?" అంది. "అదొక్కటి తెలీదు నాకు. వాళ్లింట్లో అంట్లు తోమే పిల్ల తీసుంటదని ఇన్నేళ్లూ దాన్ని తిట్టుకున్నాను. పాపం."

మళ్లీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. క్షమించమన్నాను. ఆమె తల ఎత్తకుండా అంది.

"మీరు రాలేదని నాకు తెల్సు. మంచం మాట నేనే సెప్పానని నాకు తెల్సు. నాకు తెల్సింది నాకు సెప్పడానికి ఇంత దూరం వచ్చారాండీ? తెలీనోళ్లకి సెప్పండి."

తర్వాత, చేపల మీద నీడ పడుతోంది, కొంచెం జరగమంది. జరిగాను. రెండు గంటల బస్సు తప్పితే మళ్లీ సాయంత్రమేనని అక్కడ ఎవరో అన్నారు. వచ్చేశాను.

ఒక లాయరును కలిశాను. ఇన్నేళ్ల తర్వాత ఎందుకండీ అన్నాడు. అయినా రాసి ఇస్తే కోర్టులో వేస్తానన్నాడు, దొంగసాక్ష్యం కింద నా మీదకే రావచ్చని కూడా చెప్పాడు. కాగితం రాసి పెట్టాను. వచ్చే వారం ఇస్తాననుకుంటున్నాను. ఇస్తానని మీకు మాటివ్వను. నా మాట విలువెంతో మీరు చూశారు.

మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. కాలనీలో ఎవరికీ చెప్పలేదు. తెలియనివాళ్లకు చెప్పమంది కాబట్టి, మొట్టమొదట మీకు చెప్తున్నాను. దీనివల్ల ఆమె ఆరు నెలలు తిరిగి రావు. ఆ ముసలావిడ తిరిగి రాదు. నాకు మాత్రం ఈ నాలుగు పేజీలు రాస్తున్నంతసేపూ, చాలా ఏళ్ల తర్వాత, ఊపిరి కడుపు దాకా వెళ్తోంది. అదైనా నాకు న్యాయంగా దక్కాల్సిందేనా అంటే, తెలియదు.

నేను ఆ పాకకు వెళ్లలేదు. అక్కడ ఏం దొరికిందో, ఎవరున్నారో నేను చూడలేదు. ఇప్పుడిది మీకూ తెలుసు.